నాలుగు బై పదకొండు

బ్రాడీపేటలో చిరునామా అంటే ఒక భిన్నం.
పైన నాలుగో లైను, కింద పదకొండో అడ్డరోడ్డు,
మధ్య గీత మీద మేం:
వెనక వాటా, రెండు గదులు, పొడుగాటి వసారా.

మిర్చి యార్డులో చిట్టాలు రాసేవాడికి
అక్కడేం పనని అందరూ అడిగారు.
నల్లపాడు రోడ్డులో సగానికి దొరుకుతుంది కదా,
నడిచెళ్ళి నడిచి రావచ్చు కదా అని.
నిజమే.
కానీ యార్డు పక్క ఇంట్లో రాత్రిళ్ళు
హైమవతి ఊపిరి
నూనె లేని గిలకలా కీచుమనేది.
డాక్టరు మందులన్నీ చీటీ మీద రాసి
ఒక్కటి మాత్రం నోటితో చెప్పాడు:
"చెట్లున్న చోట ఉండండి."
ఆ మందు విడిగా అమ్మరు.

"బర్మా టేకండీ, మా మామగారి నాన్నగారు వేయించారు,"
ముందు దూలాలను నాకు పరిచయం చేశారు రత్నావళి గారు.
తర్వాత నా వంతు.
"ఇంతకీ మీరేవిట్లు?"
ఇంటిపేరు చెప్పాను, చాల్లేదు.
ఊరు చెప్పాను.
ఊళ్ళో ఏ వైపో కూడా చెప్పేదాకా
తాళంచెవి ఆవిడ కొంగు ముడిలోనే ఉంది.
ఆర్నెల్లుగా ఖాళీగా ఉన్న వాటా,
అందుకని ఇచ్చారు,
ఐదొందలు ఎక్కువేసి.

వంద రూపాయల స్టాంపు కాగితం, పదకొండు నెలలు.
వెనకవైపు జాబితా:
ఫ్యాన్లు రెండు, ట్యూబులైట్లు మూడు,
పంపులు నాలుగు (ఒకటి కారుతుంది),
గోడ బీరువా ఒకటి, తాళం లేదు.
పెరట్లో నిద్రగన్నేరు ఆ జాబితాలో లేదు.
నాలుగిళ్ళ మీద గొడుగు పట్టిన మాను,
ఆరయ్యేసరికి ఆకులు ముడుచుకుని
అందరికంటే ముందు పడుకునేది.
అద్దెలో సగం దానిదేనని
మాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

షరతులు నోటిమాటగా:
చేపల పులుసు పెడితే కిటికీ ముయ్యాలి.
నా చొక్కాలు ముందువైపు ఆరెయ్యకూడదు.
ఎన్ని నీళ్ళు మార్చినా ఘాటు పోయేది కాదు,
గాలి ఇటు తిరిగిందంటే
ముందు వాటాలో ఇంటిల్లిపాదీ తుమ్ములే.
గోడకి ఇవతల నేను
తుమ్ము తుమ్ముకీ "చిరంజీవ" అనుకునేవాణ్ణి.

మొదటి అద్దె కట్టిన రాత్రి లెక్కేశాను:
అద్దె, మందులు, చీటీపాట పైన,
జీతం కింద.
పై అంకె పెద్దదైతే అపక్రమ భిన్నమంటారని
ఆరో తరగతిలో చెప్పారు.
హైమ అటు తిరిగి పడుకుని ఉంది.
చప్పుడు లేదు.
భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టాను.
ఊపిరే.
మామూలు ఊపిరి ఇంత మామూలుగా ఉంటుందని
మర్చేపోయాను.

పదో నెల్లో టేపు పట్టుకుని ఇద్దరొచ్చారు.
బర్మా దూలాల వైపు తలెత్తనైనా లేదు.
చెట్టు నడుం చుట్టూ టేపు తిప్పి
ఒకడు అంకె చెప్పాడు, ఒకడు రాసుకున్నాడు.
"నాలుగంతస్తులట, కింద కార్లట,"
రత్నావళి గారు అన్నారు, నాతో కాదు, గోడతో.
ఆ గొంతులో సన్నగా ఏదో కీచుమంది.
ఆ చప్పుడు నాకు తెలుసు.

ఖాళీ చేసిన రోజు జాబితా చదివి టిక్కులు పెట్టాం.
ఫ్యాన్లు రెండు, ఉన్నాయి.
ట్యూబులైట్లు మూడు, ఒకటి మినుకుతోంది.
కారే పంపు కారుతూనే ఉంది.
"మరి చెట్టండీ?" అంది హైమ.
ఆవిడ కాగితం తిప్పి తిప్పి చూశారు.
"రాసుకోలేదుగా, అప్పజెప్పక్కర్లేదులేమ్మా."

కొత్త ఇంటి నంబరు పూర్ణాంకం.
ఎదురుగా సెల్ టవరు, పక్కన టైర్ల కొట్టు.
సామాను దించేసరికి ఆరయింది.
అలవాటుకొద్దీ తలెత్తింది హైమ.
ఆమె జుట్టులో రెండు గులాబీ కేసరాలు,
దులపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
చొక్కా మాత్రం
ముందువైపే ఆరేశాను.